కన్నీటి నాళం తెరిపించాక ఇంట్లో ఎంత కాపలా? పసిపిల్లల చికిత్సలను ఆ లెక్కన పోల్చి చూస్తే

మూసుకున్న కన్నీటి నాళాన్ని సన్నని పుల్లతో తెరిచే ప్రోబింగ్ చేయించి ఇంటికి తెచ్చిన సాయంత్రం మా వాడు గట్టిగా తుమ్మాడు. తెల్ల బనియను మీద నిమ్మపండు రంగులో ఒక మరక పడింది, దాని అంచున సన్నటి నెత్తుటి చార. మా అత్తగారు చూసి, "అమ్మాయీ, ముక్కులోంచి పసరు కారుతోంది, మళ్లీ ఆసుపత్రికి వెళ్దాం పద" అంటూ చెప్పులు వేసుకున్నారు. నాకూ కాళ్లు ఆడలేదు. ఫోను చేస్తే అటువైపు నర్సమ్మ తాపీగా చెప్పింది. నాళం తెరుచుకుందో లేదో చూడడానికి కంటి వైపు నుంచి పంపిన రంగునీళ్లట అవి. ముక్కులోకి వచ్చాయంటే దారి తెరుచుకున్నట్టేనట. శుభవార్తను చూసి హడలిపోయామన్నమాట. ఆ ఒక్క ముక్క డిశ్చార్జి కాగితం మీద రాసి ఉంటే ఆ రాత్రి మా ఇంట్లో అందరికీ అన్నం సహించేది.

కానీ ఆ దారి నిలవలేదు. నాలుగు నెలల తర్వాత వాడికే రెండోసారి చికిత్స చేయించాల్సి వచ్చింది, ఈసారి సిలికాన్ గొట్టంతో. రెండు రకాల తర్వాతి రోజులూ గడిపాను కాబట్టి చెబుతున్నాను. ఏ పద్ధతి మంచిదని డాక్టరును అందరమూ అడుగుతాం. ఆ పద్ధతి తర్వాత రెండు మూడు నెలలు ఇంట్లో ఎవరు ఏం చేయాలో, ఎన్నిసార్లు ప్రయాణం చేయాలో అడిగేవాళ్లు తక్కువ. ఒకే పిల్లవాడికి రెండు పద్ధతులూ పనికొస్తాయని డాక్టరు అన్నప్పుడు, తేల్చాల్సింది చాలావరకు ఈ రెండో లెక్కే.

ముందు అసలు సంగతి కాస్త. కంటి లోపలి కొలికి దగ్గర పై రెప్పకూ కింది రెప్పకూ సూదిమొనంత రంధ్రం ఒక్కొక్కటి ఉంటుంది. కన్నీరు వాటి గుండా ముక్కు పక్కనున్న చిన్న సంచిలోకి, అక్కడి నుంచి నాళం వెంట ముక్కులోకి దిగుతుంది. ఏడిస్తే ముక్కు కారేది అందుకే. కొందరు పిల్లల్లో నాళం అడుగున, ముక్కులోకి తెరుచుకునే చోట, పల్చటి పొర ఒకటి విడిపోకుండా మిగిలిపోతుంది. నీరు నిలుస్తుంది, పుసి కడుతుంది, తెల్లవారేసరికి రెప్పలు అంటుకుపోతాయి. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఏడాది నిండేలోపు ఆ పొర దానంతట అదే విడిపోతుంది. మిగిలినవాళ్ల గురించే ఈ గొడవంతా.

మసాజ్‌తో ఆగడమా, ముందే తెరిపించడమా

మసాజ్ అంటే కన్ను నలపడం కాదు. 1923లో క్రిగ్లర్ అనే అమెరికా వైద్యుడు వివరించిన పద్ధతే ఇప్పటికీ అందరూ నేర్పుతున్నారు. గోరు కత్తిరించి, శుభ్రంగా కడిగిన చూపుడు వేలిని కొలికి దగ్గర, ముక్కు ఎముకకు ఆనించి నొక్కి, ముక్కు వెంట కిందికి జార్చాలి. పూటకు ఐదు నుంచి పది సార్లు, రోజుకు మూడు నాలుగు పూటలు. సంచిలోని నీరు ఒత్తిడికి కిందికి దిగి పొరను తోస్తుంది. మొదట్లో నేను భయంతో చర్మం మీద నిమిరి వదిలేసేదాన్ని. డాక్టరు నా చేతి మీద తన వేలు పెట్టి నొక్కి చూపించాక తెలిసింది, అంతకాలం చేసింది మసాజే కాదని. మీరు చేసేది ఒకసారి డాక్టరుకు చేసి చూపించండి. చికిత్స విఫలమైందని అనుకోవడానికి ముందు ఇది తేలాలి.

మసాజ్ దారిలో మత్తు లేదు, ప్రయాణాలు తక్కువ. ఓపిక మాత్రం నెలల తరబడి కావాలి. ఒక కంటికే అడ్డంకి ఉన్న 6 నుంచి 10 నెలల పిల్లలకు ఆరు నెలలు మసాజ్‌తో ఆగి చూసిన అమెరికా అధ్యయనమొకటి ఉంది. దాదాపు మూడింట రెండు వంతుల మందికి శస్త్రచికిత్స లేకుండానే తగ్గింది. అక్కడ కొందరు డాక్టర్లు ఆ వయసులోనే, మత్తు ఇవ్వకుండా, బిడ్డను గుడ్డలో చుట్టి క్లినిక్‌లోనే ప్రోబింగ్ చేస్తారు. మన దగ్గర ఎక్కువగా ఏడాది దాటేదాకా ఆగి మత్తులో చేయడమే కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న మా ఆడపడుచుకు అక్కడి డాక్టరు ఆరో నెలలోనే చేద్దామన్నప్పుడు, ఇక్కడ మేమందరం ఫోనులో గగ్గోలు పెట్టాం. ఆయన చెప్పిందీ తప్పు కాదు, మన డాక్టర్లు చెప్పేదీ తప్పు కాదు. అవి రెండు దారులు, అంతే.

ఒక్క హెచ్చరిక. నీరు కారడంతో పాటు వెలుతురు చూడలేక కళ్లు మూసుకుంటున్నా, నల్లగుడ్డు పెద్దదిగా లేదా మసకగా కనిపిస్తున్నా అది నాళం సంగతి కాకపోవచ్చు. పసిపిల్లల్లో వచ్చే నీటికాసుల జబ్బుకు అవే లక్షణాలు. అప్పుడు మసాజ్ చేస్తూ కూర్చోకూడదు.

ప్రోబింగ్, బెలూన్: ఒకటి రెండు వారాల్లో ముగిసే కాపలా

ప్రోబింగ్‌లో సన్నని లోహపు పుల్లను నాళం గుండా దించి పొరను చీలుస్తారు. కొన్ని నిమిషాల పని. తర్వాత ఇంట్లో చేయాల్సిందీ తక్కువే. ఒకటి రెండు వారాలు చుక్కల మందు, మొదటి రోజు కన్నీటిలోనో ముక్కులోనో కాస్త నెత్తుటి జీర, మా ఇంట్లో కలవరం రేపిన ఆ రంగునీళ్లు. కొందరు డాక్టర్లు మసాజ్ ఇంకొన్ని వారాలు కొనసాగించమంటారు, కొందరు వద్దంటారు. కాగితం మీద లేకపోతే అడిగి రాయించుకోండి.

బెలూన్‌లో అదే దారిలో చిన్న బుడగను పంపి, ఉబ్బించి నాళాన్ని వెడల్పు చేస్తారు. ఇంటికి వచ్చాక ప్రోబింగ్‌కూ దీనికీ పెద్ద తేడా ఉండదు. లోపల ఏదీ మిగలదు, తీయించే పని లేదు. ఆ బెలూన్ ఒక్కసారికే పనికొచ్చే పరికరం కాబట్టి ఖర్చు పెరుగుతుంది, అన్ని ఊళ్లలోనూ దొరకదు. నా దృష్టిలో బెలూన్ ముఖ్యంగా రెండు రకాల కుటుంబాలకు సరిపోతుంది. ఒకటి, మొదటిసారి ప్రోబింగ్ పనిచేయక, గొట్టం పెట్టించుకుంటే దాన్ని కాచుకునే వీలు లేనివాళ్లు. రెండోది, విదేశాల నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చి ఇక్కడ చేయించుకుందామనుకునేవాళ్లు. రెండు మూడు నెలలు ఉంచాల్సిన గొట్టం పెట్టించుకుని విమానం ఎక్కితే, దాన్ని తీసే డాక్టరును అక్కడ వెతుక్కోవాలి. వేరే డాక్టరు పెట్టిన గొట్టాన్ని తీయడానికి అందరూ ఉత్సాహం చూపరు.

అమెరికాలో పిల్లల కంటి వైద్యుల పరిశోధన బృందం వేర్వేరుగా నమోదు చేసిన ఫలితాలు ఇలా ఉన్నాయి. మొదటి చికిత్సతోనే నయమైన పిల్లలు ప్రోబింగ్‌తో సుమారు 78 శాతం, బెలూన్‌తో 82 శాతం, గొట్టంతో 90 శాతం. ఒకసారి ప్రోబింగ్ విఫలమయ్యాక చూస్తే బెలూన్‌కు 77, గొట్టానికి 84 శాతం. ఈ అంకెలు చూసి మొదటే గొట్టం అడగాలని అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ ఇవి ఒకే పిల్లల గుంపును చీట్లు తీసి పంచి పోల్చినవి కావు, కాబట్టి కొద్ది శాతాల తేడాకు ప్రాణం పెట్టనక్కరలేదు. పైగా ఆ 90 వెనుక నెలల కాపలా ఉంది.

గొట్టం: కంట్లో ఉన్నంత కాలం కన్నేసి ఉంచాల్సిందే

సేమ్యా పోగంత సన్నటి సిలికాన్ గొట్టం అది. తెరిచిన నాళం మళ్లీ మూసుకుపోకుండా లోపల ఉంచుతారు. సాధారణంగా రెండు మూడు నెలలు. డాక్టరును బట్టి ఆరు వారాల నుంచి ఆరు నెలల దాకా ఉంచడమూ ఉంది. ఇందులో రెండు రకాలు. తర్వాతి సంరక్షణ దృష్ట్యా ఆ రెండింటికీ చాలా తేడా.

ఒక రెప్ప రంధ్రం గుండా మాత్రమే వెళ్లే రకంలో, పైన చిన్న బొడిపె రంధ్రానికి ఆని నిలుస్తుంది. దగ్గరగా చూస్తే కొలికిలో నీటిబొట్టులా మెరుస్తుంది. తీయడం తేలిక. చాలాసార్లు క్లినిక్‌లోనే తిమ్మిరి చుక్కలు వేసి, చిన్న పట్టకారుతో లాగేస్తారు. మళ్లీ మత్తు అవసరం పడదు. ఇబ్బంది ఏమిటంటే, పిల్లలు కన్ను నలిపితే అది ఊడి వచ్చేయగలదు. లేదా బొడిపె రంధ్రంలోకి జారి కనపడకుండా పోగలదు.

రెండో రకం కింది రెప్ప నుంచీ పై రెప్ప నుంచీ రెండు కొసలు దిగి ముక్కులో ముడిపడేది. కొలికిలో చిన్న ఉంగరంలా తీగ కనిపిస్తుంది. ఇది అంత సులువుగా ఊడదు. కానీ పిల్లవాడు వేలు పెట్టి లాగితే ఉంగరం పెద్దదై కంటి మీదికి జారుతుంది. అప్పుడు తల్లిదండ్రులు చేసే పెద్ద తప్పు కత్తెర పట్టుకోవడం. కత్తిరించకూడదు, లాగకూడదు. వదులైన తీగను ముక్కు పక్కన మెత్తటి టేపుతో అంటించి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. దీన్ని తీసేటప్పుడు చిన్న పిల్లలకు మళ్లీ కాసేపు మత్తు ఇవ్వాల్సి రావచ్చు. అంటే మళ్లీ ఖాళీ కడుపు, మళ్లీ ఏడుపు, మళ్లీ ఒక రోజు సెలవు.

మత్తు గురించి భయపడేవాళ్లకు ఒక మాట. మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలు మించిన మత్తు, లేదా పదేపదే ఇచ్చే మత్తు గురించి 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక చేసింది. ఒక్కసారి, కొద్దిసేపు ఇచ్చే మత్తుతో హాని ఉండే అవకాశం తక్కువని కూడా ఆ ప్రకటనలోనే చెప్పింది. కాబట్టి ఒక్క ప్రోబింగ్‌కు వెనకాడనక్కరలేదు. కానీ గొట్టం తీయడానికి కూడా మత్తు కావాలా అన్నది ముందే అడిగి తెలుసుకోదగ్గ ప్రశ్న.

మేము ఒక రంధ్రం రకం ఎంచుకున్నాం. మాది ఖమ్మం, డాక్టరు హైదరాబాద్‌లో. ఇంకోసారి మత్తంటే ఇంకో రెండు రోజుల పని. గొట్టం పెట్టిన మర్నాటి నుంచి నేనొక అలవాటు చేసుకున్నాను. రోజూ పొద్దున పాలు తాగేటప్పుడు, కిటికీ వెలుతురులో, కొలికి ఫోటో ఒకటి. బొడిపె నిన్నటిలా ఉందా లేదా అని కంటితో చూసి చెప్పడం కష్టం, రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే ఇట్టే తెలుస్తుంది. ఇరవయ్యో రోజున అది కొంచెం పైకి వచ్చినట్టు అనిపించి ఫోటో పంపితే, ఉన్నచోటే ఉందని డాక్టరు జవాబిచ్చారు. ఒక ప్రయాణం తప్పింది.

పూర్తిగా ఊడి చేతికి వస్తే కంగారు పడకండి. అది ప్రమాదం కాదు. దాన్ని కాగితంలో చుట్టి ఉంచి, డాక్టరుకు చెప్పండి. ముందే ఊడినా నాళం తెరిచే ఉండిపోయిన పిల్లలున్నారు. ఆ రోజే పరుగెత్తాల్సిన సందర్భం వేరు. కన్ను ఎర్రబడి, తెరవలేక, వెలుతురుకు ముఖం తిప్పుకుంటుంటే గొట్టం నల్లగుడ్డును గీరుతోందని అనుమానించాలి. అలాగే గొట్టం ఉన్నంత కాలం, డాక్టరు చెప్పనిదే మసాజ్ చేయకండి.

డీసీఆర్ గురించి క్లుప్తంగా

ఇవేవీ పనిచేయనప్పుడు, సంచి నుంచి ముక్కులోకి ఎముక గుండా కొత్త దారి చేసే శస్త్రచికిత్స ఇది. ఎక్కువగా కాస్త పెద్ద పిల్లలకు. ముక్కు పక్కన చిన్న కోతతో చేయవచ్చు, లేదా కోత లేకుండా ముక్కులోంచి ఎండోస్కోపుతో చేయవచ్చు. కోత ఉంటే కుట్ల సంగతి చూసుకోవాలి. ఎండోస్కోపు అయితే బయట మచ్చ ఉండదు గానీ ముక్కులో ఉప్పునీటి స్ప్రే, లోపలి చెక్కులు శుభ్రం చేయించుకోవడానికి రాకపోకలు ఉంటాయి. ముక్కు చీదకూడదని మూడేళ్లవాడికి నచ్చజెప్పడం ఎలాగో మీ ఇంట్లో గట్టి గొంతు ఉన్నవాళ్లకు వదిలేయండి.

ఏ చికిత్స అయినా తప్పని పనులు

చుక్కలు వేయడమే ఇంట్లో రోజువారీ యుద్ధం. నలుగురు కలిసి కాళ్లూ చేతులూ పట్టుకుని వేయడం కంటే మేలైన ఉపాయం ఉంది. వెల్లకిలా పడుకోబెట్టి, కన్ను మూసి ఉండగానే కొలికి గుంటలో చుక్క వేయండి. కాసేపటికి వాడే కన్ను తెరుస్తాడు, మందు లోపలికి జారుతుంది. రెండు మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. ఆయింట్‌మెంటూ చుక్కలూ రెండూ ఇస్తే పగలు చుక్కలు, నిద్రపోయేటప్పుడు ఆయింట్‌మెంట్ అనే ఏర్పాటు కుదురుతుందేమో అడగండి. ఆయింట్‌మెంట్ చూపును మసక చేస్తుంది కాబట్టి ఆడుకునే వేళ పిల్లలకు చిరాకు.

ఆ చుక్కల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. పది రోజులకు రాసిన మందు బాగా పనిచేసిందని పాత చీటీ చూపించి మందుల షాపులో మళ్లీ కొనుక్కోవడం మన ఊళ్లలో మామూలు. దయచేసి ఆ పని చేయకండి. ఎక్కువ కాలం వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పు. పెద్దలు వాడే ముక్కు చుక్కలు కూడా పసివాళ్లకు వద్దు. జలుబుకు ఉప్పునీటి చుక్కలు చాలు.

ఇక కాటుక, సాంబ్రాణి. కాటుక ఆ సూదిమొన రంధ్రాలను పూడ్చగలదు, కొన్ని కాటుకల్లో సీసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది కూడా. దిష్టి కోసమే అయితే అరికాలికి పెట్టండి, దిష్టికి కాలైనా కన్నైనా ఒకటే. సాంబ్రాణి పొగకు ఆరోగ్యంగా ఉన్న కన్నే నీరు కారుస్తుంది. చికిత్స తర్వాత ఆ నీరు ఎందుకు వస్తోందో తెలియక మీరే అయోమయంలో పడతారు. చనుబాలు కంట్లో పిండడం, ఆముదం చుక్క వేయడం గురించి వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

మళ్లీ నీరు కారుతోంది: ఆగాలా, వెళ్లాలా

ఇక్కడే అందరూ తడబడతారు. జలుబు చేసిన వారంలో ముక్కు లోపల వాచి నీరు కారడం సహజం. జలుబు తగ్గాక రెండు వారాలు చూడవచ్చు. జలుబు లేకుండానే రోజూ పుసి కడుతుంటే, నెల రోజుల తనిఖీ కోసం ఆగకుండా ముందే చూపించడం మేలు. కొలికి దగ్గర ఎర్రగా వాచి, ముట్టుకుంటే ఏడుస్తూ, జ్వరం ఉంటే అది సంచిలో చీము పట్టిన లక్షణం. రాత్రయినా సరే వెళ్లాల్సిందే. నెత్తురు చారలా కాక ధారగా కారుతున్నా అంతే.

తనిఖీలు ఎక్కడ చేయించుకోవాలన్నది ఇంకో ఎంపిక. మొదటి వారం చూపించేది, అంటే వాపు, ఎరుపు, చుక్కల సంగతి, దగ్గరి ఊళ్లో కంటి డాక్టరు చూడగలరు. నాళం పనిచేస్తోందో లేదో తేల్చే నెల తర్వాతి తనిఖీ, గొట్టం తీయడం మాత్రం చేసినచోటే మంచిది. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థలో కన్నీటి నాళాలకు ప్రత్యేక విభాగమే ఉంది, ఆ సంస్థకు విశాఖపట్నంలో, విజయవాడలో కూడా ఆసుపత్రులున్నాయి. ఇలా నాలుగుచోట్ల శాఖలున్నచోట చేయించుకుంటే, తనిఖీ దగ్గరి శాఖలో కుదురుతుందా అని చేరేటప్పుడే అడగండి. రికార్డు ఒక్కటే అయితే సగం శ్రమ తగ్గుతుంది.

తనిఖీలో ఒకటి మాత్రం మీరే గుర్తుచేయాల్సి రావచ్చు, చూపు పరీక్ష. నాళం అడ్డంకి ఉన్న పిల్లల్లో రెండు కళ్ల పవర్‌లో తేడా, దానితో వచ్చే మందదృష్టి ఎక్కువగా కనిపిస్తాయని పలు పరిశీలనల్లో వచ్చింది. నీరు తగ్గిందన్న సంబరంలో చాలామంది మళ్లీ వెళ్లరు. కంటిపాప విప్పార్చే చుక్కలు వేసి పవర్ చూడమని అడగండి.

మా వాడి గొట్టం మూడో నెల దాటాక తీశారు. తువ్వాలులో చుట్టి నా ఒళ్లోనే పడుకోబెట్టుకున్నాను. తిమ్మిరి చుక్క, పట్టకారు, ఒక్క లాగు. వాడు ఏడుపు మొదలుపెట్టేలోపే అది డాక్టరు అరచేతిలో ఉంది. చూస్తే ఇంత చిన్న తీగ కోసమా ఇన్ని ఫోటోలు తీశాననిపించింది. మళ్లీ నెలకు రంగు పరీక్ష. రెండు కళ్లలోనూ పసుపు చుక్క వేసి, ఐదు నిమిషాలు ఆగి, నీలం దీపంతో చూస్తారు. రంగు నిలిచిపోతే దారి మూసుకున్నట్టు. వాడు ఆ దీపం తనకే కావాలని పేచీ పెట్టాడు. రెండు కళ్లలోనూ రంగు మిగల్లేదు. ఆ రోజు పాత చొక్కా తొడిగి తీసుకెళ్లడం మంచిదైంది, బుగ్గల మీదా కాలరు మీదా అంతా పసుపే.

తిరుగు ప్రయాణంలో, సూర్యాపేట దగ్గర బస్సు ఆగినప్పుడు, వాడు మా అత్తగారి చీర మీద తుమ్మాడు. ఆవిడ కొంగు ఎత్తి వెలుతురులో చూశారు. నిమ్మపండు రంగు మరక. "తెరిచే ఉందే అమ్మాయీ" అని నాకూ చూపించి, కొంగుతోనే వాడి ముక్కు తుడిచారు.